మూడు ఇటు, మూడు అటు

పోయిన వారం మదురై నుంచి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. పాత గిటార్లు బాగుచేయడం అతని పని. మా పెదనాయన మనవరాలు జాయ్ తన తాత గిటార్‌ను తీసుకుపోయి అతనికిచ్చిందట. తాను శ్రుతి చేయబోతే తీగ ఒకటి తెగిందనీ, ఎందుకు తెగిందో తెలియడం లేదనీ చెప్పి, ఏమైనా అడగాలంటే మా అత్తను అడగండని నా నంబరు రాసిచ్చిందట. అతను తమిళంలో చాలా మర్యాదగా మాట్లాడాడు. "అమ్మా, ఈ గిటార్ తలకు ఎవరో పిచ్చివాడు తీగలు తిప్పే కీలు బిగించాడు. మూడు ఇటు తిప్పితే బిగుస్తున్నాయి, మిగతా మూడు అటు తిప్పితే బిగుస్తున్నాయి. ఇట్లాంటిది నేనెక్కడా చూడలేదు. అన్నీ తీసేసి సరైనవి వేసేస్తాను, సరేనా?" అన్నాడు. నాకు నవ్వు మొదలైంది. ఆపుదామనుకున్నకొద్దీ పెరిగింది. వంటింట్లో చేతిలో ఉన్న గరిటె కింద పడింది. "అమ్మా, లైన్‌లో ఉన్నారా?" అని అతను కంగారుపడ్డాడు. "ఉన్నాను నాయనా. ఆ పిచ్చివాడు ఒకడు కాదు, నలుగురం. రేపు మాట్లాడతాను, అంతవరకు దాన్ని ముట్టుకోకు," అని పెట్టేశాను.

నలుగురం అన్నది ఊరికే అన్న మాట కాదు. మా పెదనాయన సామువేలు, ఆయన్ని కన్న మా అవ్వ, పరమశివం మామ, నేను. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ వెనక వరసగా ఉండే ఇళ్ళలో ఒకటి మాది. మా నాయన పని కోసం ఊరూరా తిరిగేవాడు కాబట్టి నేను పెరిగింది పెదనాయన చేతుల్లోనే. పదో తరగతి తర్వాత నేనూ ఆ కంపెనీలోనే కట్టలు సరిచూసే పనిలో చేరాను. లెక్క ఎవరూ నేర్పలేదు, కట్టలే నేర్పాయి. గోడకు ఇటుకలెన్ని కావాలి, పందిరికి తాటాకు ఎంత పడుతుంది, అరవై మంది భోజనానికి బియ్యం ఎంత నానబెట్టాలి, ఇట్లాంటివి వీధిలో వాళ్ళు నన్ను అడిగిపోయేవారు. గుమాస్తాను తమిళంలో కణక్కుపిళ్ళై అంటారు. పెదనాయన నన్ను అదే పేరుతో పిలిచేవాడు. చేసిన లెక్కను రెండుసార్లు సరిచూసుకోకుండా నేను నోరు తెరిచేదాన్ని కాదు. ఆ గిటార్ విషయంలోనూ సరిచూసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది. అదే తమాషా.

మా ఇంటి వాసన నాకిప్పుడు కళ్ళు మూసుకుంటే చాలు, వచ్చేస్తుంది. పొద్దున్నే అవ్వ అగ్గిపెట్టెలు అంటించడానికి మైదాపిండి జిగురు కాచేది. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేసేది కాబట్టి అది నెమలి మెడ రంగులో ఉడికేది. ఇంటి వెనక వేరుశనగ మిఠాయి చేసే కొట్టం ఒకటుండేది. పదకొండు గంటలకు అక్కడ బెల్లం పాకం వాసన లేచిందంటే మా జిగురు వాసన ఓడిపోయేది. సాయంత్రానికి పెదనాయన మైనం వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆయన పని పుల్లల చట్రాలను మైనంలోనూ మందులోనూ ముంచడం. వచ్చీరాగానే కొబ్బరినూనెతో చేతులు రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకునేవాడు. మైనం వాసన పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరితేగానీ బీరువా మీద పాత దుప్పటిలో చుట్టి ఉన్న గిటార్‌ను దించేవాడు కాదు. ఎండుమిరపకాయ రంగు గిటార్ అది. పెదనాయన పెళ్ళికి ముందు మదురైలో రైల్వే క్వార్టర్స్ ఖాళీ చేసి పోతున్న ఒక కుటుంబం దగ్గర తెచ్చుకున్నాడట. అప్పటికే అది పాతది. తల మీద ఉన్న పేరు చెరిగిపోయి రెండు పూలరెమ్మలు మాత్రం మిగిలాయి. దానితోపాటు వచ్చిన కరెంటు పెట్టెకు వైరు తగిలిస్తే వీధి చివరి దాకా వినిపించేది. వాయించని వేళల్లో ఆ పెట్టె అవ్వకు కాఫీ లోటా పెట్టుకునే పీట.

అవ్వ గిటార్‌ను తెడ్డు అనేది. "ఆ తెడ్డు పెట్టి సంగటి కెలికితే నాలుగు కడుపులన్నా నిండును," అనేది. కానీ కొడుకు పాటకచ్చేరికి పోయే రోజున తెడ్డుకు తన కొంగుతోనే దుమ్ము తుడిచేది. గిటార్ తల మీద తీగల్ని బిగించే మరలున్నాయి కదా, పాటల పార్టీవాళ్ళు వాటిని కీ అంటారు. అవ్వ మాత్రం చెవులు అనేది. "మెలిపెడితే కేకేస్తాది కదా, చెవి కాకుండా ముక్కా?" అని ఆమె వాదన. మా ఇంట్లో ఆ పేరే నిలిచిపోయింది. ఆ గిటార్‌కు చెవులు ఆరు, ఆరూ తలకు ఒకే పక్కన. ఒక్కో చెవి లోపల చిన్న మర, దాని పక్కన పళ్ళ చక్రం. మర తిప్పితే చక్రం తిరుగుతుంది, చక్రం మీది కడ్డీ తీగను చుట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి వాడకంలో ఆ పళ్ళు అరిగిపోయాయి. బిగించిన తీగ పాట నడుమలో మెల్లగా జారిపోయేది. తిప్పే పిడులు పచ్చబడి పొడిపొడిగా రాలాయి. ఒకదాన్ని పెదనాయన కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పేవాడు. "మా అమ్మ పళ్ళూ దీని పళ్ళూ ఒకే ఏడు అరిగిపాయె," అని నవ్వేవాడు. "నా పళ్ళు అరిగినా నా గొంతు దిగలేదురా," అని అవ్వ లోపలి నుంచి జవాబిచ్చేది.

ఆ నవ్వు ఒక సాయంత్రం కొంచెం తగ్గింది. పెదనాయన వాయించే పాటల పార్టీ పెద్ద, అందరూ మాస్టర్ అని పిలిచే ఆయన, మా ఇంటికి వచ్చాడు. అవ్వ లోటా పక్కకు జరిపి కరెంటు పెట్టె మీద కూర్చున్నాడు. మంచివాడే. మొహమాటపడుతూ, మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు కదా అని తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలు ముందు పెట్టి, తర్వాత తమిళంలోకి దిగాడు. వచ్చే నెల విరుదునగర్‌లో అమ్మవారి తిరునాళ్ళకు కచ్చేరి ఉంది, పెద్ద స్టేజీ, పెద్ద జనం. పోయిన రెండు కచ్చేరీల్లోనూ నడుమలో గిటార్ సురుతి దిగిపోయింది. ఈసారి కూడా దిగితే గిటార్ భాగమంతా కీబోర్డ్ వాయించే తంబి చూసుకుంటాడు. "అణ్ణే, కోపించుకోవద్దు. ఇప్పుడు బటన్ నొక్కితే గిటార్ వస్తుంది," అన్నాడు.

మాస్టర్ పోయాక పెదనాయన గుమ్మంలో నిలబడి, "బటన్ నొక్కితే గిటార్ వస్తాదంట! అట్లయితే నొక్కితే కాపీ వస్తాదా? ఇడ్లీ వస్తాదా?" అని వీధి అంతా వినేటట్టు నవ్వాడు. కానీ ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. స్టేజీ మీద కుడివైపు చివర ఆయనకు ఒక చెక్క కుర్చీ ఉండేది. వారమంతా మైనం పొగలో నిలబడి పనిచేసే మనిషి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎట్లా ఉండేవాడో నేను చూశాను. వెన్ను నిటారుగా ఉండేది, చొక్కాకు ఇస్త్రీ ఉండేది, ఒక్కోసారి ఎవరూ చూడకుండా నావైపు కన్నుగీటేవాడు. ఆ కుర్చీ పోతే ఆయనకు ఏమి మిగులుతుందని లెక్క వేయడానికి ప్రయత్నించి, వేయలేక వదిలేశాను. "చెవులు మార్చేద్దాం పెదనాయనా," అన్నాను. "కొత్తవి ఆరు తెస్తే చాలు." ఆయన తల ఎత్తి, "కణక్కుపిళ్ళై చెప్పినాక తిరుగేముండాది?" అన్నాడు.

కోవిల్‌పట్టిలో అట్లాంటివి దొరకలేదు. విరుదునగర్ బజారులో హార్మోనియాలు, మృదంగాలు అమ్మే కొట్టు ఒకటి, మా మాటలో కడ, ఉందని మాకు తెలుసు. అక్కడికి పోయేది పరమశివం మామ. మామ మాకు చుట్టం కాదు, పెదనాయన చిన్ననాటి స్నేహితుడు. అరుప్పుక్కోట్టైలో మరమగ్గాల మీద పనిచేసేవాడు, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడే నేతవాళ్ళ మనిషి. మగ్గాల సామాన్ల కోసం వారానికొకసారి విరుదునగర్ పోయి, అక్కడినుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చేవాడు. పెదనాయన పాత చెవి ఒకటి ఊడదీసి కాగితంలో చుట్టి, మాదిరిగా చూపించమని మామ చేతిలో పెట్టాడు. నేను, "ఆరు మామా. ఆరు. ఎంచుకుని తీసుకో," అని రెండుసార్లు చెప్పాను. చెప్పవలసింది అదొక్కటే అనుకున్నాను.

మరుసటి ఆదివారం మేము ఏసుగుడి నుంచి వచ్చేటప్పటికి మామ వసారాలో కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. కాగితం పొట్లం ఒళ్ళో పెట్టుకుని, కాఫీ కూడా తాగకుండా కథ మొదలుపెట్టాడు.

"సామువేలూ, నేను పోకుండా వేరే ఎవురన్నా పోయింటే నిలువునా మోసపోతా ఉంటివి. ఆ కడ అణ్ణాచ్చి ఉండాడే, మాదిరి చూసినాడు, లోపలికి పోయినాడు, ఆరు తెచ్చి ముందర పోసినాడు. నేను ఒక్కొక్కటే తిప్పి చూస్తిని. ఆరుకు ఆరూ ఒకే పక్క చూస్తా ఉండాయి!"

పెదనాయన నోరు కొంచెం తెరుచుకుంది.

"నా కాడనా? నేను నిన్న పుట్టినవాణ్ణా? మగ్గానికి ఎడమ కట్టె ఉంటే కుడి కట్టె ఉండల్ల. ఒకటి పోగు మోసే నాడెను ఇటు కొట్టల్ల, ఒకటి అటు కొట్టల్ల. చిన్నప్పుడు ఒక తూరి రెండూ ఎడమవే తెచ్చి మగ్గాల ముదలాళి కాడ తిట్లు తినింది ఇంకా మరవలేదు. ఏదన్నా సరే, జత అంటే ఎడమ సగం, కుడి సగం. నాకు మూడు ఎడమవి, మూడు కుడివి ఇచ్చేదాకా ఈడనే కూసుంటానని కడ వాకిట్లో కూసుంటిని. ఆయప్ప కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడు. గిటార్‌కి ఇట్లనే ఉంటాది అణ్ణాచ్చీ అంటాడు! చివరికి ఇంకొక పెట్టె విప్పి, ఈ పెట్టెలో మూడు, ఆ పెట్టెలో మూడు తీసి ఇచ్చినాడు." మామ పొట్లం విప్పాడు. చాప మీద ఆరు కొత్త చెవులు తళతళలాడాయి. మూడు ఎడమకు చూస్తున్నాయి, మూడు కుడికి చూస్తున్నాయి. "ఎట్లుండాది?"

నేను ఎంచాను. ఆరు. మళ్ళీ ఎంచాను. ఆరే. గిటార్ తల వైపు చూశాను. ఆరు రంధ్రాలూ ఒకే పక్కన వరసగా ఉన్నాయి. పెదనాయన నావైపు, నేను ఆయన వైపు చూసుకున్నాం. మామ మా ఇద్దరి వైపు చూశాడు. ముందు ఎవరు నవ్వారో ఇప్పుడు గుర్తులేదు. పెదనాయన వసారా స్తంభాన్ని పట్టుకుని నవ్వి, చాప మీదకు జారి, పక్కకు ఒరిగి నవ్వాడు. నాకు పక్కటెముకలు నొప్పి పుట్టాయి. అవ్వ బయటికొచ్చి, "ఎవురన్నా చచ్చినారా, బతికినారా?" అని అడిగింది. మామకు విషయం అర్థమయ్యేటప్పటికి ముఖం వంకాయ రంగుకు తిరిగింది. "ఒకే పక్కకే ఆరూ ఎట్లుంటాయిరా? అదేమి న్యాయం?" అని గిటార్ మీదనే కోప్పడ్డాడు.

నవ్వు తగ్గాక నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. మొదటి పెట్టెలో ఆరూ ఎడమవి. అందులో మూడు మనకొచ్చాయి, మూడు మిగిలాయి. రెండో పెట్టె తలకు రెండు పక్కలా చెవులుండే గిటార్‌ది, మూడు ఎడమవి, మూడు కుడివి. అందులో కుడివి మనకొచ్చాయి, ఎడమవి మిగిలాయి. అంటే ఆ కడలో ఇప్పుడు సరిగ్గా ఆరు ఎడమ చెవులు మిగిలి ఉన్నాయి. మనకు కావలసింది అదే. ఈ మాట చెప్పగానే పెదనాయన మళ్ళీ చాప మీద పడ్డాడు. కానీ పండగ నేత మీద పడడంతో వారంవారం పోయే మామ కూడా తిరునాళ్ళ లోపల మళ్ళీ విరుదునగర్ పోలేడు, మాకూ ఆదివారం తప్ప కంపెనీలో సెలవు లేదు, ఆదివారం ఆ కడ తెరవరు. కచ్చేరి రోజున పోతాం కదా, పొద్దున్నే కడకు పోయి మార్చుకుందామని అనుకున్నాం. అంతవరకు చేతిలో ఉన్నవే బిగించి చూద్దామన్నాడు పెదనాయన. పాత చెవులతో సాధన చేయడం ఇంక ఆయన వల్ల కాదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మా వసారా ఒక చిన్న ఫ్యాక్టరీ అయింది. పాత చెవులు ఊడదీస్తే వాటి కింద చెక్క లేతగా, ఎండ తగలని పిల్లల పొట్టలా ఉంది. కొత్త చెవుల కడ్డీలు కొంచెం లావు. పెదనాయన పెన్సిల్‌కు గరుకు ఉప్పుకాగితం చుట్టి రంధ్రాలను గుండ్రంగా అరగదీశాడు, మధ్యమధ్య ఊదుతూ. పాత స్క్రూల రంధ్రాలు కొత్తవాటికి సరిపోవు. వాటిని పూడ్చాలి. అప్పుడు అవ్వ, అంతవరకు తెడ్డు అని తిట్టిన అవ్వ, మమ్మల్ని పక్కకు తోసి చాప మీద కూర్చుంది. కళ్ళు మూసుకుని చట్రంలో పుల్లలు పేర్చగల చెయ్యి ఆమెది. మందు అద్దని పుల్లల్ని జిగురులో ముంచి ఒక్కో రంధ్రంలోకి దూర్చి, బ్లేడుతో నున్నగా కోసింది. చివరి రంధ్రానికి మాత్రం కొంగున ముడేసుకున్న పుల్ల ఒకటి తీసింది. దాని తలకు ఎర్రమందు ఉంది.

"అవ్వా, అది మందు పుల్ల!" అన్నాను.

"తెలుసు పో. విరుదునగర్ జనమంతా నా కొడుకును చూస్తే దిష్టి తగలదా? మందు లోపలికి పెట్టల్ల. బయటికి పెడితే దిష్టికి తెలిసిపోతాది." ఆదివారం గుడిలో దిష్టి లేదని చెప్పిన మాట గుర్తుచేద్దామనుకున్నాను. ఆమె ముఖం చూసి జిగురు గిన్నె దగ్గరికి జరిపాను. పుల్ల నెమ్మదిగా, తల ముందుగా, లోపలికి పోయింది.

ఎండిన చెక్కలోకి స్క్రూ దిగడానికి పెదనాయన కంపెనీ మైనం చిటికెడు రాశాడు. మైనం మరిచిన ఒక్క స్క్రూ మాత్రం టిక్కుమని తల విరిగింది. కుడి చెవుల్ని ఎడమ పక్కన పెట్టాలంటే తలకిందులుగా తిప్పి పెట్టాలి. మొదట రెండు మరలు ఒకదానికొకటి తగిలాయి. నేను పెన్సిలు ముక్కలు అటూ ఇటూ పెట్టి చూసి, వీపు వీపు కలిసేటట్టు వరస మార్చాను. అప్పుడు కుదిరింది. లావు తీగల చెవులు మూడూ మామూలుగా నిలిచాయి, సన్న తీగల చెవులు మూడూ తిరగబడి నిలిచాయి. తీగలు ఎక్కించి పెదనాయన తిప్పడం మొదలుపెట్టాడు. లావు తీగలు బుద్ధిగా బిగిశాయి. నాలుగో తీగ బిగించబోతే వదులైంది. ఇంకా తిప్పితే ఊడి వేలాడింది. మర చక్రానికి రెండో పక్కకు పోయింది కాబట్టి తిప్పుడు తలకిందులైందని నాకు అప్పుడు వెలిగింది. "అటు తిప్పు పెదనాయనా. ఈ మూడూ అటు." తిప్పాడు. తీగ పైకి లేచింది, పలికింది. ఆయన కాసేపు చెవి వంచి విన్నాడు. దిగలేదు. టీ తాగి వచ్చి విన్నాడు. దిగలేదు. అన్నం తిని విన్నాడు. సన్న తీగల్ని కడ్డీకి రెండో పక్కనుంచి చుడితే అన్నీ ఒకే వైపు తిరుగుతాయని నేను చెబితే, మామ ఒప్పుకోలేదు. పోగులు చుట్టే దోనె ఒకదాని మీదే కొన్ని ఇటు, కొన్ని అటు చుట్టడం నేతవాడి ఇంట్లో అపశకునమట. "వద్దులే, నా వేళ్ళే నేర్చుకుంటాయి," అన్నాడు పెదనాయన.

నేర్చుకోవడం కోసం ఆయన ఒక పాట కట్టాడు. మూడు ఇటు, మూడు అటు అనే మాటలే, వేరే ఏమీ లేవు. "ఇటు ఇటు ఇటు, అటు అటు అటు" అని పళ్ళు తోముకుంటూ పాడేవాడు, చట్రాలు ముంచుతూ పాడేవాడు. పక్కింటి పిల్లలు అదే పాడుతూ తొక్కుడుబిళ్ళ ఆడారు. తిరునాళ్ళ రోజున బస్సులో సాత్తూరు దాటేదాకా పాడుతూనే ఉన్నాడు. కండక్టర్ టికెట్ ఇస్తూ, "ఎటు అణ్ణాచ్చీ?" అని అడిగితే బస్సంతా నవ్వింది. విరుదునగర్‌లో దిగి, అక్కడికి వచ్చిన మామను కలుపుకుని నేరుగా బజారుకు పోయాం. తిరునాళ్ళ కాబట్టి ఆ కడ మూసి ఉంది. తలుపు సందులోంచి చూస్తే అద్దాల బీరువాలో ఏవో తళతళమన్నాయి. అవి మన ఆరు ఎడమ చెవులేనని మామ గట్టిగా చెప్పాడు. వాటికి చెయ్యి ఊపాడు కూడా.

మధ్యాహ్నం స్టేజీ మీద మైకులు సరిచూస్తున్నారు. ఊరంతా మిరపకాయల ఘాటు, నూనె వాసన. పెదనాయన గిటార్‌ను కుర్చీకి ఆనించి, "ఒక నిమిషం," అని మామతో నూనెలో వేయించిన పరోటా తినడానికి పోయాడు. విరుదునగర్ వచ్చి అది తినకుండా ఉండడం ఆయన చేతకాదు. నేను కింద కూర్చుని ఉన్నాను. కీబోర్డ్ తంబి సాయం చేద్దామనే అనుకున్నాడు పాపం. తన పెట్టె సురుతికి గిటార్‌ను కలుపుదామని చేతిలోకి తీసుకున్నాడు. సన్న తీగ ఒక వెంట్రుకవాసి ఎక్కువగా ఉంది. తగ్గించడానికి తిప్పాడు. అది పెరిగింది. ఇంకొంచెం తగ్గించాడు. ఇంకా పెరిగింది. నేను "అటు కాదు!" అని అరిచేలోపల టింగ్‌మని తెగి అతని ముక్కుకు తగిలింది. మాస్టర్ పరుగున వచ్చాడు. "ఇట్లా ఇవ్వు," అని పక్క తీగను బిగించబోయాడు. అది బట్టలారేసిన తాడులా వేలాడిపోయింది. ఇద్దరూ గిటార్‌ను తలకిందులు చేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఆ చెవుల్ని చూశారు. మాస్టర్ ముఖంలో ఏదో నిర్ణయం కనిపించింది. "తంబీ, ఇంక నువ్వే..." అని కీబోర్డ్ వైపు చెయ్యి చూపించాడు. పెదనాయన కుర్చీ అక్కడే ఖాళీగా ఉంది.

ఆ మాట పూర్తికాకముందే పెదనాయన మెట్లెక్కి వచ్చాడు. వేళ్ళకు ఇంకా పరోటా నూనె ఉంది. తెగిన తీగ చూశాడు. అరిటాకు ముక్కతో వేళ్ళు తుడుచుకుని కుర్చీలో కూర్చున్నాడు. మామ జేబులోంచి కొత్త తీగ తీసి ఇచ్చాడు. ఇటు ఇటు ఇటు, అటు అటు అటు. చెవుల వైపు చూడకుండా, జనం వైపు చూస్తూ తిప్పాడు, పెదవులు కదులుతున్నాయి. ఆరు తీగలూ ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. తంబి తన పెట్టె మీద ఒక స్వరం నొక్కాడు. గిటార్ అదే స్వరం పలికింది. తంబి ముక్కు రుద్దుకుంటూ, "ఎట్లా అణ్ణా?" అన్నాడు. మాస్టర్ గట్టిగా నవ్వేశాడు. "ఇది నీ మాట తప్ప ఎవరి మాటా వినదు అణ్ణే. నువ్వు లేకుండా దీన్ని ఏం చేసుకోను? కూర్చో, కూర్చో."

ఆ సాయంత్రం ఒక్క తీగ కూడా దిగలేదు. దీపాలు పెట్టిన వేళకు మొదలై జనం ఇంక చాలు అనేదాకా నిలిచాయి. రెండు పాటల్లో తంబి కీబోర్డూ పెదనాయన గిటారూ ఒకదాని వెంట ఒకటి పరుగెత్తాయి, జనం ఈల వేశారు. పెదనాయన కన్నుగీటాడు, నాకు ఒకసారి, మామకు ఒకసారి. మామ నా పక్కన కూర్చుని అరచేతులు మండేలా చప్పట్లు కొట్టి, "చూసినావా పిల్లా? ఆరూ ఒకే పక్కవి తెచ్చింటే ఏమయ్యుండును? మూడు మూడు తెచ్చినందుకే కదా!" అన్నాడు. ఆ లెక్కలో తప్పు చూపించడానికి నాకు ఇప్పటికీ ఏమీ దొరకలేదు. కడలో మిగిలిన ఆరింటిని మేము మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు పెదనాయన ఆ కుర్చీలో కూర్చున్నాడు. స్టేజీ మీద పాటగాళ్ళు పోయి రికార్డు చేసిన సంగీతం వచ్చేదాకా, పార్టీ మూతపడేదాకా. కంపెనీలో ముంచే పని ఇప్పుడు యంత్రం చేస్తుంది. నా లెక్కలు ఫోను చేస్తుంది, నాకంటే వేగంగా, రెండుసార్లు సరిచూసుకోకుండా. నాకు దాని మీద కోపం లేదు, పని తగ్గింది. ఇప్పుడు ఏ వస్తువైనా ఏ చేతికైనా లొంగుతుంది. అది మంచిదే. అప్పుడు మా ఇంట్లో ఒక మనిషి చేతికి మాత్రమే లొంగే వస్తువు ఒకటుండేది, దాన్ని అట్లా చేయడానికి ఒక నేతగాడు కడ వాకిట్లో బైఠాయించాడు. అవ్వ లేదు, మామ లేడు, పోయిన ఏడు పెదనాయనా పోయాడు. ఆనాటి నవ్వు మాత్రం నాకు ఫోన్‌లో మదురై నుంచి వచ్చింది.

మరునాడు నేనే ఫోన్ చేశాను. జాయ్ కూడా ఆ షాపులోనే ఉంది. ఇద్దరికీ కథంతా చెప్పాను. అబ్బాయి చాలాసేపు నవ్వి, "కానీ అమ్మా, సరైనవి వేస్తే విలువ పెరుగుతుంది," అన్నాడు. నేను "గిటార్ జాయ్‌ది, ఆమెనే అడుగు," అన్నాను. ఫోన్ జాయ్ చేతిలోకి పోయింది. "అత్తా, తీయించను. కానీ నాకు తీగ తెగింది కదా, ఏది ఎటో చెప్పు," అంది. చెప్పలేదు, పాడాను. ఈ వయసులో, వంటింట్లో నిలబడి, గొంతు ఎత్తి, ఇటు ఇటు ఇటు, అటు అటు అటు. అవతల అబ్బాయి తెగినదాని చోట కొత్తది ఎక్కించాడు, ఒక్కొక్క తీగే మెల్లగా పైకి లేవడం వినిపించింది. చివరిది కొంచెం వణికి నిలబడింది. జాయ్ కేక పెట్టింది.

"ఇంకొక్కటి అమ్మా," అని అబ్బాయి ఫోన్ తీసుకున్నాడు. "నేను మీకు ఫోన్ చేయకముందే ఒక చెవి విప్పి చూసి మళ్ళీ బిగించాను. విప్పినప్పుడు పాత రంధ్రంలో నుంచి అగ్గిపుల్ల ఒకటి ఊడివచ్చింది. దాని కొసకు ఎర్రమందు ఇంకా ఉంది. పారేయనా?"

"పారేయకు నాయనా. మళ్ళీ అక్కడే పెట్టు."

"సరే. ఏ వైపు పెట్టాలి? దీనికి కూడా ఇటూ అటూ ఉందా?"

"లేదు," అన్నాను. "మందు లోపలికి. అదొక్కటే మా ఇంట్లో ఎవరూ తిప్పి పెట్టనిది."